గాయములు కుట్టు విద్య



ఒకని కాలికో చేతికో గాయమైనదని తెలిసినప్పుడు మన గ్రామములలో మొట్టమొదట వచ్చు ప్రశ్న "ఎన్ని కుట్లు పడినవి?" అనునది. నాలుగు కుట్లన్నచో చిన్న దెబ్బ యనియు, ఇరువది కుట్లన్నచో గండము గడచినదనియు మనము లెక్క గట్టుకొందుము. గుడ్డకు గజమును ధాన్యమునకు కుంచమును ఉన్నట్లే గాయమునకు కుట్టు ఒక కొలత యైనది. నేను నివసించు గుంటూరు బ్రాడీపేటలో ఏ లైను వెంట నడచినను, ఏ అడ్డరోడ్డు మళ్లినను వైద్యుల పేరుబల్లలు కనబడుచుండును. ప్రత్తిపాడు, చిలకలూరిపేట, సత్తెనపల్లి ప్రాంతముల నుండి కట్టు కట్టుకొని వచ్చు రైతుల నోటను ఈ మాటయే వినబడుచుండును. ఆ కుట్టు ఎక్కడ పుట్టినది, ఎవరి చేతులలో పెరిగినది, నడుమ ఎందుకు చిక్కిపోయినది, మరల ఎట్లు పుంజుకొన్నది అను చరిత్రను ఈ పూట మీకు మనవి చేయదలచితిని.

నేను వైద్యుడను గాను. గురువుల సన్నిధిని కావ్యములు, కోశము, వ్యాకరణము చదువుకొని, ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. కావున నేను చెప్పబోవునది ప్రధానముగా చరిత్రమే. ఐనను ఈ చరిత్రము మన యింటి గడప దాక వచ్చునట్టిది గనుక, చివర ఆచరణకు సంబంధించిన మాటలు కొన్ని చేర్చెదను.

మొదట ఒక విషయము స్పష్టపరచుకొందము. కుట్టు గాయమును మాన్పదు. మాన్పునది శరీరమే. తెగినచోట నెత్తురు గడ్డకట్టి రంధ్రమును మూయును. దాని క్రింద క్రొత్త మాంసము పుట్టును. పైని చర్మము ఇరువైపుల నుండి ప్రాకి కలియును. అంచులు రెండును ఒకదాని నొకటి తాకియున్నచో ఈ పని కొలది దినములలో ముగిసి సన్నని గీటు మాత్రము మిగులును. అంచులు ఎడముగా నున్నచో నడిమి గోతిని నింపుటకు శరీరము వారములకొలది శ్రమపడవలెను. ఆ లోపల మురికి చేరును, చీము పట్టును. కుట్టు చేయు నుపకారమెల్ల శరీరము తన పని ముగించుకొను వరకు అంచులను కదలకుండ పట్టియుంచుటయే. వరినారు నాటిన చేయి దానిని పెంచలేదు గదా! నిలువబెట్టి విడుచును, పెరుగుట నేలకును నీటికిని సంబంధించినది. ఇదియు నట్టిదే. ఈ యొక్క మాట మనస్సున నుంచుకొన్నచో రెండువేల యేండ్ల చరిత్ర సులభముగా బోధపడును.

మన దేశమున ఈ విద్యకు మూలగ్రంథము సుశ్రుతసంహిత. అది క్రీస్తునకు పూర్వము కొన్ని శతాబ్దుల నుండి, తరువాత కొన్ని శతాబ్దుల వరకు పెరుగుచు వచ్చిన గ్రంథమని చరిత్రకారుల నిర్ణయము. అందు శస్త్రకర్మములు ఎనిమిదిగా లెక్కింపబడినవి: కోయుట, చీల్చుట, గీరుట, పొడుచుట, శోధించుట, లాగివేయుట, స్రవింపజేయుట, కుట్టుట. ఈ యెనిమిదవదానికి సీవన మని పేరు. సూదులు మూడు విధములు. మాంసము తక్కువగా నున్న తావులకును కీళ్లకును రెండంగుళముల గుండ్రని సూది. కండగల చోట్లకు మూడంగుళముల ముయ్యంచు సూది. మర్మస్థానములకును కడుపునకును విల్లువలె వంగిన సూది. ఆ సూదుల మొన జాజిపూవు తొడిమ చివరివలె నుండవలెనని చెప్పబడినది. నేటి ఆసుపత్రిలో పళ్లెమునందు మెరయు సూదులను చూచితిరా, వానిలోను గుండ్రనివియు, ముయ్యంచువియు, వంపుగలవియు నున్నవి. వంపు ఎందులకన, లోతైన గాయములో సూదిని క్రిందికి గ్రుచ్చి పైకి తీయుటకు తిన్నని సూది పనికిరాదు.

ఇక దారములు. సన్నని నూలు, జనపనార, క్షౌమపు దారము, చాగనార, తిప్పతీగ నార, జంతువుల స్నాయువు, వెండ్రుక — ఇవి యన్నియు గ్రంథములో పేర్కొనబడినవి. ఇవి పల్లెటూరి యింట నేడును పరిచయమున్న వస్తువులే. కుట్లు నాలుగు తెరగులు. తీగ చుట్టుకొన్నట్లు వరుసగా పోవునది వేల్లితకము. ముడి ముడికి విడివిడిగా వేయునది ఋజుగ్రంథి. గోఫణిక యను కుట్టునకు గోఫణమువలె నుండుటచేత ఆ పేరు వచ్చినది. గోఫణ మనగా జొన్నచేలలో పిట్టలను తోలుటకు మనము విసరు వడిసెల. నాలుగవది తున్నసేవని. దీనిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అమరకోశములో తున్నవాయుడను పదము కలదు. చిరిగిన గుడ్డను కుట్టువానికి అది పేరు. శూద్రవర్గమున సాలెవాని ప్రక్కనే అతని పేరును చెప్పబడినది. మేము బాల్యమున ఆ వర్గమును వల్లించితిమి. ఆ కుట్టుపనివాని చేతి పోగునే శస్త్రవైద్యుడు తన శాస్త్రములోనికి తీసికొని, దానికి అతని వృత్తి పేరే యుంచినాడనుట ఎంత యర్థవంతముగ నున్నదో ఆలోచింపుడు.

కుట్టువాని చేతికి హెచ్చరికలును కలవు. సూదిని అంచునకు మిక్కిలి దూరముగా గ్రుచ్చిన నొప్పి కలుగును. మిక్కిలి దగ్గరగా గ్రుచ్చిన అంచు చినిగిపోవును. కుట్టుటకు ముందు గాయమునందలి దుమ్ము, వెండ్రుకలు, గోళ్లు, కదలు ఎముక తునుకలు తీసివేయవలెను. అవి లోపల నుండిపోయినచో పుండు చీముపట్టును. విషము సోకినవి, కాలినవి మొదలగు గాయములను కుట్టనే కూడదు. కుట్టిన పిమ్మట అంజనము, అతిమధురము, లొద్దుగ, ప్రేంకణము కలిపిన చూర్ణము చల్లి, దూదితోగాని క్షౌమవస్త్రముతోగాని కప్పి కట్టుకట్టవలెను. వేపాకు, ఆవాలు, ఉప్పు, నేయి మొదలగువానితో పొగ వేయుటయు కలదు. కంటికి కనబడని సూక్ష్మక్రిములను వారెరుగరు; కాని మురికి లోపల నుంచి కుట్టరాదని మాత్రము చక్కగా నెరిగియుండిరి.

ప్రేగునకు రంధ్రము పడినప్పుడు చేయవలసిన పని ఆశ్చర్యమును గొలుపును. కడుపు కోసి, ప్రేగును వెలికి తీసి, రంధ్రముల అంచులు కలిపి పట్టి, పెద్ద నల్లచీమలచేత అచ్చట కరిపింపవలెను. చీమ గట్టిగా కరచినంతనే దాని మొండెమును త్రుంచివేసి తల నట్లే యుంచవలెను. పిదప ప్రేగును లోపల నుంచి పైగాయమును కుట్టవలెను. చరకసంహితయందును ఈ విధానము కలదు. చీమతల ఎందులకన, లోపలి కుట్టును తరువాత తీయుటకు వీలులేదు. తనంతట కరిగిపోవు వస్తువుతో పట్టి యుంచవలెను. కొన్ని వందల యేండ్ల పిమ్మట స్పెయిను దేశమున అరబ్బీ వైద్యుడు అల్ జహ్రావీ కూడ ప్రేగునకు చీమలను గూర్చియు, జంతువుల ప్రేగునుండి తీసిన దారమును గూర్చియు వ్రాసెను. అతనికి ముందే సుశ్రుతుని గ్రంథము బాగ్దాదులో అరబ్బీ భాషలోనికి వచ్చియుండెను.

కోసిన చర్మమును మరియొక చోట అతికించుట ఈ విద్యలో పరాకాష్ఠ. బరువైన నగలచేత చెవితమ్మెలు తెగిపోవుట మన ముత్తవ్వల నాటి మాటయే గదా! అట్టి చెవిని కలుపుటకు సుశ్రుతుడు పదునైదు పద్ధతులు చెప్పెను. తెగిన ముక్కునకు చేయవలసినదియు చెప్పెను. చెట్టాకు నొకదానిని ముక్కు కొలతకు కత్తిరించి, ఆ కొలతకు చెక్కిలి ప్రక్కనుండి చర్మమును మొదలు తెగకుండ కోసి, ముక్కుమీదికి త్రిప్పి కుట్టి, ఊపిరి యాడుటకు లోపల రెండు గొట్టములుంచి, పైన చూర్ణము చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడుపవలెను. చర్మమును మొదలంట తెగగోయకుండుటలోనే రహస్యమంతయు నున్నది. ఆ సన్నని బంధము ద్వారా నెత్తురు పారుచున్నంతవరకు చర్మము బ్రతికియుండి క్రొత్తచోట వేరూనుకొనును.

ఇంతటి సూక్ష్మవిద్య పుస్తకము చదివిన మాత్రమున వచ్చునా? రాదని సుశ్రుతుడే చెప్పెను. శిష్యుడు రోగిని తాకకముందు గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలమీద కోత నేర్చుకొనవలెను. కుట్టు నేర్చుకొనుటకు సన్నని గుడ్డ అంచులు, ముతకగుడ్డ అంచులు, మెత్తని తోలు అంచులు తీసికొనవలెను. చెవి కలుపుటను మెత్తని మాంసఖండముమీదను కలువకాడమీదను అభ్యసింపవలెను. శాస్త్రము మాత్రము తెలిసి చేతిపని తెలియనివాడును, చేతిపని మాత్రము వచ్చి శాస్త్ర మెరుగనివాడును ఒంటిరెక్క పక్షులవంటివారని ఆయన తీర్పు. ఈ తీర్పు మన దేశమున ఎట్లు నిజమైనదో ఇక వినుడు.

పల్నాటి సీమలోని నాగార్జునకొండను మీలో పెక్కురు చూచియుందురు. సుశ్రుతసంహితను సంస్కరించినవాడు నాగార్జునుడని వ్యాఖ్యాత డల్హణుడు చెప్పెను. ఈ పేరుగలవారు మన వాఙ్మయములో పలువురు కలరు గనుక, పేరు కలిసినంత మాత్రమున ఆ గౌరవమును మన కొండకు కట్టబెట్టుట చరిత్రకు న్యాయము గాదు. మన జిల్లాకు సందేహము లేని సాక్ష్యము వేరొకటి కలదు. అది మల్కాపురపు శాసనము. 1261వ సంవత్సరమున, రుద్రమదేవి కాలమున, గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులకు మందడము, వెలగపూడి గ్రామములు దానముగా లభించినవి. ఆ దానపు టాదాయముతో నడచిన ధర్మసంస్థలలో విద్యామండపమును అన్నసత్రమును గాక, ప్రసూతిశాలయు ఆరోగ్యశాలయు నుండెను. వైద్యుని పోషణకును అందు ఏర్పాటు కలదు. నేడు మన రాష్ట్ర సచివాలయము నిలిచియున్న వెలగపూడి నేలమీద ఏడువందల యేండ్లకు పూర్వమే రోగికి నీడ యుండెననుట మనకు గర్వింపదగిన విషయము.

కాని వైద్యుడున్నంత మాత్రమున శస్త్రము నిలిచినదా? కాలక్రమమున మన పండితవైద్యులు నాడి చూచుటయందును, రసౌషధములు, కషాయములు కూర్చుటయందును ప్రవీణులైరి గాని కత్తిని సూదిని దూరముగా నుంచిరి. నెత్తురు, చీము, శవము తాకుట అశౌచమను భావము బలపడెను. గ్రంథము పండితుని పెట్టెలో మిగిలెను. చేతిపని మంగలివారి యింటను, ఎముకలు కట్టువారి యింటను, మరికొన్ని కులవృత్తులవారి యింటను మిగిలెను. పండితుడు ఆ చేతిని చూడడు. ఆ చేయి గ్రంథమును తెరువలేదు. రెక్కలు రెండును ఉన్నవి, కాని రెండును ఒక్క పక్షికి లేవు.

ఇందుకు చరిత్రలో సుప్రసిద్ధమైన దృష్టాంతము పూనాలో జరిగినది. 1792వ సంవత్సరపు మైసూరు యుద్ధమున ఆంగ్ల సైన్యమునకు ఎడ్లు తోలు కావస్జీ యను మహారాష్ట్ర కర్షకుడు టిప్పు సుల్తాను సైన్యమునకు చిక్కెను. వారతని ముక్కును ఒక చేతిని ఖండించి విడిచిరి. ఏడాది దాక ముక్కు లేకయే యుండి, అతడు పూనా దగ్గర ఇటుకలు చేయు కులమునకు చెందిన యొకని నాశ్రయించెను. అతడు పలుచని మైనపు రేకును ముక్కు రూపమునకు అమర్చి, దానిని సాపుచేసి నొసటిమీద పరచి, చుట్టును గీత గీచి, కనుబొమల నడుమ సన్నని బంధము మిగిల్చి చర్మమును తీసి, త్రిప్పి ముక్కు చోట అమర్చెను. ఇక్కడ సూదియు దారమును లేవు. ముక్కు మొదట గాటు పెట్టి అందు చర్మపు అంచును దూర్చి, మన తాంబూలములో వేసికొను కాచును నీళ్లతో మెత్తపరచి, గుడ్డపీలికలకు పూసి, ఐదారు పీలికలు ఒకదానిపై నొకటి అంటించెను. నాలుగు దినములు కట్టు విప్పలేదు. తరువాత నేతిలో తడిపిన గుడ్డలు వేసిరి. ఇరువదియైదవ దినము ప్రాంతమున నడిమి బంధమును కోసివేసిరి. బొంబాయి రాజధాని వైద్యులు క్రూసో, ఫిండ్లే అనువారు దీనిని కన్నులార చూచిరి.

1794వ సంవత్సరము అక్టోబరు నెలలో లండను నగరపు పత్రిక యొకటి ఈ వృత్తాంతమును చిత్రముతో సహా ప్రకటించెను. జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు దానిని చదివి, ఇరువది యేండ్లు ఆలోచించి, శవములమీద అభ్యసించి, 1814లో లండనులో అట్టి చికిత్స చేసి, 1816లో దానిని గూర్చి గ్రంథము వ్రాసెను. ఇటలీలో తాల్యకోజ్జీ అను పండితుడు 1597లోనే చేతి చర్మముతో ముక్కు చేయు పద్ధతిని ప్రకటించియుండెను గాని అది పిమ్మట మరుగునపడెను. పూనా వార్త తరువాతనే ఐరోపాలో ఈ విద్యకు మరల ప్రాణము వచ్చెను. నేటికిని నొసటి చర్మముతో ముక్కు చేయుటను ప్రపంచ వైద్యులు భారతీయ పద్ధతి యనియే పిలుతురు.

ఇందు మనము గమనింపవలసినది ఏమనగా, ఎడ్లు తోలినవాని పేరు నిలిచినది, చూచిన దొరల పేర్లు నిలిచినవి, చదివి అనుకరించినవాని పేరు నిలిచినది. చికిత్స చేసిన చేతి పేరు మాత్రము ఎవ్వరును వ్రాసికొనలేదు. మన పండితులలో ఒక్కరైనను అతని ప్రక్కన కూర్చుండి, నీ పద్ధతి యేమి, ఇది సుశ్రుతునిలో నున్నదే యని అడిగియుండిన, లండను పత్రిక ద్వారా మన విద్యను మనము తిరిగి తెలిసికొనవలసిన గతి పట్టియుండదు.

విడిపోయిన రెక్కలను కలుప బూనినవాడు వంగదేశీయుడైన మధుసూదన గుప్తుడు. ఆయన కలకత్తా సంస్కృత కళాశాలలో ఆయుర్వేదము చదివి, అచ్చటనే బోధించిన పండితుడు. 1835, 1836 సంవత్సరములలో సుశ్రుతసంహితను పరిష్కరించి ముద్రింపించినది ఆయనయే. ఆ 1836వ సంవత్సరముననే కలకత్తా వైద్యకళాశాలలో కత్తి చేతబట్టి మానవ శవచ్ఛేదనము చేసినదియు ఆయనయే. ఒక చేత గ్రంథము, ఒక చేత శస్త్రము! నా బోటి పండితశిక్షణ పొందినవానికి ఈ యొక్కని జీవితము వేయి ఉపన్యాసముల పెట్టు.

ఇంతలో పాశ్చాత్య దేశములలో శస్త్రవైద్యమునకు అడ్డుగా నున్న శత్రువులు ఒక్కొక్కటిగా లొంగుచు వచ్చినవి. మొదటిది నొప్పి. సుశ్రుతుడు శస్త్రమునకు ముందు మద్యము పట్టింపుమనెను. అంతకు మించిన సాధనము చిరకాలము ఎవరికిని లేదు. 1846లో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు పీల్పించి నొప్పి తెలియకుండ చికిత్స చేసిరి. తరువాత క్లోరోఫారము వచ్చెను. అది రోగిని ఎట్లు చంపునో, ఎట్లు కాపాడునో పరిశోధించుటకు 1888, 1889 సంవత్సరములలో మన హైదరాబాదులోనే నిజాము ద్రవ్యసాహాయ్యముతో డాక్టరు ఎడ్వర్డు లారీ ఆధ్వర్యమున సంఘములు పనిచేసెను. రోగి కదలక పండుకొన్ననే గదా కుట్టువాని చేయి నిదానముగా నడచును!

రెండవ శత్రువు కుళ్లు. ఎంత నేర్పుగా కుట్టినను నాలుగవనాడు చీము పట్టి, అయిదవనాడు జ్వరము వచ్చి రోగి చనిపోవుచుండెను. 1867లో జోసెఫ్ లిస్టరు అను ఆంగ్లేయుడు, గాయమును చెరచునది కంటికి కనబడని సూక్ష్మజీవి యని పాశ్చరు పరిశోధనలను బట్టి గ్రహించి, కార్బాలికామ్లముతో చేతులను, పనిముట్లను, గాయమును శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను. గొర్రె ప్రేగు పొరనుండి తీసిన దారమును అట్లే శుద్ధిచేసి లోపలి కుట్లకు వాడెను. అది తనంతట కరిగిపోవును. చీమతల చేసిన పనిని ఈ దారము చేసెను.

ఇక్కడ మన రేగడిభూముల పంటకును చోటు కలదు. చేనిలో తీసిన ప్రత్తి నీటిని పీల్చదు. దాని పోగుమీద మైనమువంటి పూత యుండును. క్షారజలములో ఉడికించి ఆ పూతను పోగొట్టినప్పుడే అది నెత్తురును చీమును పీల్చు వైద్యపు దూది యగును. నూలుదారమును కూడ నేటి శస్త్రవైద్యము త్రోసిపుచ్చలేదు. 1939లో మీడ్, ఆక్స్నరు అను అమెరికా వైద్యులు మామూలు కండెనూలు కుట్లకు బాగుగ పనికివచ్చునని ప్రకటించిరి. పట్టు దారము కరవైన రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అది అక్కరకు వచ్చెను. సుశ్రుతుని పట్టికలో మొదట నున్న సన్నని నూలు ఇట్లు మరల సభకెక్కినది.

మూడవది నెత్తుటి గొట్టములను కలుపు చిక్కు. 1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు కార్నో లియాన్ నగరమున కత్తిపోటు తిని, తెగిన పెద్ద సిరను కలుపగలవారు లేక మరణించెను. ఆ యూర అప్పుడు వైద్యవిద్యార్థిగా నున్న అలెక్సి కారెల్ దీనికి మిగుల చింతిల్లి, పట్టుబట్టలమీద అల్లికలు కుట్టు ఒక స్త్రీ వద్దకు పోయి సన్నసూది పట్టు నేర్పు నభ్యసించెను. 1902లో నెత్తుటి గొట్టముల చివరలను మూడు చోట్ల పట్టి యుంచి, ముక్కోణముగా సాగదీసి కుట్టు విధానమును ప్రకటించెను. అందులకు 1912లో నోబెలు బహుమానము లభించెను. ఇక్కడను కుట్టుపనివారే గురువులు!

అటుపిమ్మటి కథను త్వరగా చెప్పెదను. 1908లో బుడాపెస్టు నగరమున హుల్ట్ల్ అను వైద్యుడు జీర్ణకోశపు అంచులను లోహపు పిన్నులతో కలుపు యంత్రమును వాడెను. అది మూడున్నర కిలోగ్రాముల పైని బరువుండెను. నేటివి ఒక చేతిలో నిముడును. 1970 ప్రాంతమున రసాయనములతో చేసిన, శరీరములోని తడికి క్రమముగా కరగిపోవు దారము వచ్చెను. చర్మపు అంచులను అంటించు జిగురు కూడ వచ్చినది. దాని మూలపదార్థము 1942లో తుపాకి గురిచూపు సాధనములకై వెదకుచుండగా అమెరికాలో దొరికినది. వైద్యులు వాడునది శుద్ధముగా వేరుగ తయారైనది. అంగడిలో అమ్ము జిగురును గాయమునకు పూయుట ప్రమాదము. సూక్ష్మదర్శిని క్రింద వెండ్రుకకంటె సన్నని దారముతో కుట్టుటయు సాధ్యమైనది. 1962లో బోస్టనులో ఒక బాలుని తెగిన చేతిని, 1965లో జపానులో తెగిన బొటనవ్రేలిని మరల అతికించిరి.

ఇవి ఎక్కడివో దూరదేశపు వింతలని తలపకుడు. మన గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచెను. 1946లో వైద్యకళాశాల వచ్చెను. 2016వ సంవత్సరము మే నెలలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో డాక్టరు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందమువారు ఒక రోగికి గుండె మార్పిడి చేసిరి. గుండె మార్పిడి యనగా కడకు కుట్టుపనియే. పెద్ద నెత్తుటి గొట్టముల అంచులను ఒక్క చుక్కయు కారకుండ వరుస కుట్టుతో కలుపుట. సుశ్రుతుడు తీగచుట్టు కుట్టని పేరిడిన జాతికి చెందినదే ఆ వరుస కుట్టు.

ఇక ఆచరణ. నేను ఉపాధ్యాయుడనై యున్న యొక గ్రామమున ఒక రైతునకు నీరు కట్టుచుండగా పార తగిలి పిక్క తెగినది. ఇంటివారు సున్నము బెల్లము కలిపి పట్టించి గుడ్డ చుట్టిరి. నాలుగవనాడు కాలు వాచి జ్వరము వచ్చిన పిమ్మట పట్టణమునకు తీసికొనిపోయిరి. అచ్చటి వైద్యుడు గాయమును విప్పి, కడిగి, మందు వేసి, కుట్టకయే తెరచి యుంచెను. రైతు కుమారుడు నా వద్దకు వచ్చి, "అయ్యవారూ, ఇంత దూరము పోయిన కనీసము రెండు కుట్లైనను వేయలేదండీ" యని వాపోయెను. వారమైన పిమ్మట, పుండు శుభ్రపడిన తరువాత అదే వైద్యుడు కుట్టెను; కాలు నిలిచినది. మురికిని లోపల నుంచి కుట్టరాదను ప్రాచీన సూత్రమును ఆ వైద్యుడు పాటించెను. కుట్టువాని నేర్పులో కుట్టకుండుటయు నొకటి.

కావున పెద్దలకు నా మనవి యిది. గాయమునకు కాఫీపొడి, సున్నము, పసుపు, పేడ, బూజు — ఏదియు పెట్టకుడు. శుభ్రమైన నీటితో ధారాళముగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి, ఆలస్యము చేయక వైద్యుని వద్దకు చేర్పుడు. నేలలోని మట్టియందు ధనుర్వాతపు బీజములుండును గనుక దాని టీకాను గూర్చి అడుగుడు. కుక్క కరచినచో సబ్బుతో పావుగంట కడిగి, పిచ్చికుక్క మందు టీకాకై వెంటనే పొండు. అట్టి గాయమును వైద్యులు సాధారణముగా వెంటనే కుట్టరు, కుట్టలేదని కోపగింపకుడు. వ్రేలు పూర్తిగా తెగిపడినచో దానిని పారవేయకుడు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో మూతిగట్టి, ఆ సంచిని మంచుగడ్డలమీద నుంచి రోగితోపాటు తీసికొనిపొండు. మంచు నేరుగా వ్రేలిని తాకరాదు.

ఇంకొక్క మాటతో విరమింతును. మన పిల్లలలో పుస్తకము పట్టువానిని గొప్పవాడనియు, సూది, సుత్తి, పార పట్టువానిని తక్కువవాడనియు ఎంచు నలవాటు ఇప్పటికిని పోలేదు. ఆ యెంపికకు మన దేశము ఎంత మూల్యము చెల్లించినదో ఈ కుట్టు చరిత్రయే సాక్ష్యము. చదువుకొన్న బిడ్డచేత ఒక పూట గుడ్డ కుట్టింపుడు, దూలమునకు మేకు కొట్టింపుడు. పనివాని బిడ్డ చేతికి పుస్తకమిండు. అట్లు పెరిగిన పిల్లలలో ఏ యొక్కరైనను రేపు మీ గ్రామము వాని తెగిన చేతిని అతికించువారు కావచ్చును. వారి పేరునైనను మనము వ్రాసి యుంచుకొందము.